లూరిస్తాన్ కంచు కళ్లేలను వెనక నుంచి చూడాలి

లూరిస్తాన్ కంచు కళ్లెం ఫొటో కోసం ఎక్కడ వెతికినా దొరికేది ఒకే కోణం. రెక్కల మేకో, మనిషి తల ఉన్న ఎద్దో, రెండు మృగాలను చెరో చేత్తో పట్టుకున్న కొమ్ముల దేవుడో పక్కకు తిరిగి నిలబడి ఉంటారు. ఒంటి మధ్యలో గుండ్రటి కన్నం, అందులోంచి బయటికి వచ్చిన కడ్డీ. కింద చీటీ మీద ‘అలంకార కంచు, పశ్చిమ ఇరాన్, క్రీ.పూ. 1000–650’ అని ఒక ముక్క. చూసినవాళ్లు దాన్ని బుల్లి శిల్పం అనుకుని పక్క అద్దాల పెట్టెకు వెళ్లిపోతారు.

అది శిల్పం కాదని, గుర్రం నోట్లో పని చేయడానికి పుట్టిన పనిముట్టని నా వాదన. దాని గురించి మనకు తెలియాల్సినదాంట్లో ఎక్కువ భాగం చూపించని వెనక వైపే ఉంది. ఆ వెనక వైపును ఇన్నేళ్లు పెద్దగా పట్టించుకోకపోవడానికి కారణం కూడా స్పష్టమే: వీటిలో చాలావరకు తవ్వకాల్లోంచి రాలేదు, బజార్లోంచి వచ్చాయి. బజారుకు ముఖం చాలు.

ముందు దాని నిర్మాణం. కళ్లెంలో ఉన్నవి మూడే ముక్కలు: ఒక నోటికడ్డీ, రెండు చెంపబిళ్లలు. కడ్డీ సుమారు 20 సెంటీమీటర్ల పొడవుంటుంది. లూరిస్తాన్‌లో దానికి ఎక్కువగా మధ్యలో కీలు ఉండదు, ఒకే గట్టి కడ్డీ. చెంపబిళ్లలను రెండు వైపులా కడ్డీకి ఎక్కించాక, కడ్డీ చివర్లను కొట్టి చుట్టేస్తారు, ఒక చివర ఒక దిక్కుకు, రెండోది దానికి ఎదురు దిక్కుకు. ఆ చుట్టలు రెండు పనులు చేస్తాయి: బిళ్ల జారిపోకుండా ఆపుతాయి, పగ్గం కట్టుకోవడానికి చోటిస్తాయి. ఒకసారి చుట్టాక ఇక విప్పలేం. కాబట్టి కడ్డీ, దాని రెండు బిళ్లలు పుట్టినప్పటి నుంచి కలిసే ఉండాలి. ఈ సంగతి తర్వాత నకిలీల దగ్గర పనికొస్తుంది.

బిళ్ల మీది జంతువు వీపు దగ్గర ఒకటో రెండో కొక్కీ చుట్టలు ఉంటాయి. తలపట్టీ తోళ్లు వచ్చి తగిలేది వాటికే. ఇప్పుడు బిళ్లను తిప్పండి. చాలావాటి వెనక, అంటే గుర్రం చెంపకు ఆనే వైపు, మూలల్లో చిన్న చిన్న ముళ్లు కనిపిస్తాయి. బిళ్లతో పాటే పోతపోసిన ముళ్లు, మొన తేలినవి. ముందువైపు రెక్కల మీద ఒక్కో ఈకను గీత గీసి చూపించిన పనివాడు, వెనక పక్క నునుపు చేయడానికి కూడా ఆగలేదు. అక్కడ మైనాన్ని వేలితో ఒత్తిన పల్లాలు ఉంటాయి, కన్నం చుట్టూ అరిగిన మెరుపు ఉంటుంది, ఈ ముళ్లు ఉంటాయి.

ఎద్దును ముకుతాడుతో లొంగదీస్తాం, గుర్రాన్ని నోటితో. గుర్రానికి ముందు పళ్లకూ దవడ పళ్లకూ నడుమ పళ్లు లేని ఖాళీ ఉంటుంది. కడ్డీ కూర్చునేది అక్కడే, చిగుళ్ల మీద, నాలుక మీద. రెండు పగ్గాలూ ఒక్కసారి లాగితే ఒత్తిడి వెనక్కి పడి గుర్రం ఆగుతుంది. ఎడమ పగ్గం ఒక్కటే లాగితే కడ్డీ ఎడమకు జరుగుతుంది, దానితో కుడి చెంపబిళ్ల వచ్చి కుడి చెంపకు ఒత్తుకుంటుంది. గుర్రం ఆ ఒత్తిడికి దూరంగా ఎడమకు తిరుగుతుంది. చెంపబిళ్లే లేకపోతే నున్నటి కడ్డీ నోట్లోంచి పక్కకు జారి వచ్చేస్తుంది. ముళ్లుంటే కొద్దిపాటి లాగుడుకే జవాబు వస్తుంది. రథానికి కట్టిన జతలో ఇది మరీ అవసరం. నడిపేవాడు గుర్రం మీద లేడు, వాడి కాళ్లు, నడుము బరువు గుర్రానికి ఏమీ చెప్పలేవు. వాడి దగ్గరున్నది పగ్గం ఒక్కటే.

క్రూరమైన ఏర్పాటే. కానీ పని చేసే ఏర్పాటు. కేవలం అలంకారం కోసం తయారైన వస్తువుకు కనపడని వైపున ముళ్లెందుకు?

కొలతలు కూడా ఇదే చెబుతాయి. 20 సెంటీమీటర్ల కడ్డీలో రెండు చివర్ల చుట్టలకు తలా 3 సెంటీమీటర్లు, బిళ్లల మందానికి రెండు పక్కలా కలిపి 1 సెంటీమీటరు తీసేయండి. మిగిలేది 13. ఇవాళ మామూలు ఎత్తున్న గుర్రానికి వేసే కళ్లెం వెడల్పు 12, 13 సెంటీమీటర్లే. ఆ కాలపు గుర్రాలు భుజం దగ్గర 130, 140 సెంటీమీటర్ల ఎత్తువి, కొంచెం చిన్న నోళ్లు. ముళ్లు అస్తమానం గుచ్చుకోకుండా కాస్త వదులు ఉండాలి కాబట్టి లెక్క సరిపోతుంది.

‘ఇంత బరువైనది గుర్రం మోయలేదు, ఇది ఊరేగింపుకో సమాధికో చేసింది’ అని తరచుగా అంటారు. బరువు లెక్క వేసి చూద్దాం. 12 సెంటీమీటర్లు పొడవు, 10 ఎత్తు, అర సెంటీమీటరు మందం ఉన్న బిళ్ల అనుకోండి. కాళ్ల మధ్య, రెక్కల కింద ఖాళీలు సగం పోతే మిగిలిన లోహం 30 ఘన సెంటీమీటర్లు. కంచు ఘన సెంటీమీటరుకు సుమారు 8.8 గ్రాములు. అంటే బిళ్ల 264 గ్రాములు, జత దాదాపు 530. కడ్డీ సెంటీమీటరు మందమైతే మరో 138. మొత్తం 670 గ్రాముల దాకా. ఇవాళ పొడవాటి కాళ్లున్న ఇనుప కళ్లేలు చాలా అర కిలో దాటుతాయి, వాటిని గుర్రాలు రోజంతా వేసుకుంటాయి. పైగా కళ్లెం బరువు మోసేది నోరొక్కటే కాదు, తలపట్టీ కూడా. నిజంగా పెద్దవైన బిళ్లలు కొన్ని ఉన్నాయి, వాటి సంగతి విడిగా తేల్చుకోవాల్సిందే. బరువన్న ఒక్క మాటతో మొత్తం కోవను సమాధి సరుకుగా తీసేయడం మాత్రం తూచకుండా ఇచ్చే తీర్పు.

అస్సిరియా వాళ్ల సాక్ష్యం కూడా ఉంది. నినెవె రాజభవనపు రాతి పలకల మీద చెక్కిన గుర్రాల నోటి పక్కన జంతు రూపంలో చెంపబిళ్లలు కనిపిస్తాయి. అవి పరుగెత్తే గుర్రాలకు వేసినవి, శవాల పక్కన పెట్టినవి కావు.

ఇక తయారీ. చెంపబిళ్లలు మైనపు పోతతో చేసినవి. తెలంగాణలో ఈ పద్ధతి చచ్చిపోలేదు. ఆదిలాబాద్ ప్రాంతపు ఓజాలు ఇవాళ్టికీ మైనం తీగలు చుట్టి, మట్టి పూసి ఇత్తడి పోస్తున్నారు. వాళ్ల డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఒక తేడా ఉంది: ఓజాల బొమ్మలు లోపల మట్టి గుండె ఉన్న బోలు పనులు, చెంపబిళ్ల గట్టి పలక. గుండె అవసరం లేదు, మైనం పలకనే మలిచి దాని చుట్టూ మట్టి వేస్తే చాలు.

చెప్పడానికి తేలిక. తప్పు జరిగే చోట్లు మాత్రం చాలా ఉన్నాయి. మైనం మీద మొదటి పూత అతి సన్నటి, వడకట్టిన మట్టి కావాలి. ఈకల గీతలు నిలిచేది ఆ పూతలోనే, గరుకు మట్టి వేస్తే గీత పోతుంది. పై పూతల్లో ఊకో పేడో కలిపిన మట్టి వాడాలి, వాయువు బయటికి పోవడానికి ఆ సందులే దారి. ఆరకముందే కాలిస్తే లోపలి తడి ఆవిరై అచ్చును పగలగొడుతుంది. మైనం పూర్తిగా కారిపోయి, మట్టి ఎర్రగా కాలి, ఆ వేడి మీదనే లోహం పోయాలి. చల్లటి అచ్చులో పోస్తే రెక్క కొసకు, కొమ్ము చివరకు చేరకముందే కంచు గడ్డకడుతుంది. తూకం సూత్రం సులువు: మైనం బరువుకు 9 రెట్లు కంచు, పోత దారికి, పై గిన్నెలో నిలవ ఉండాల్సినదానికి మరికొంత అదనం. ఆ అదనం లేకపోతే గట్టిపడేటప్పుడు కుంచించుకునే లోహానికి పైనుంచి భర్తీ అందక, మందంగా ఉన్న చోట, సరిగ్గా కన్నం చుట్టూ, గుల్లలు పడతాయి. కళ్లెంలో బలం అంతా పడేది అక్కడే.

జంతువు కాళ్ల కింద అడ్డంగా ఒక పట్టీ చూస్తారు. నేల గీత అని రాస్తారు. నాకు మటుకు అది ముందు పోతగాడి ఉపాయం, తర్వాతే నేల. నాలుగు కాళ్లూ విడివిడిగా కిందికి వేలాడితే ప్రతి కాలూ చివర మూసుకుపోయిన దారే, గాలి అక్కడే చిక్కుకుంటుంది. పట్టీతో కలిపితే లోహం ఒక కాలులోంచి దిగి ఇంకో కాలులోకి ఎక్కగలదు. వాడేటప్పుడు కాలు వంగదు, తోలుకో జూలుకో తట్టుకోదు. పనికి పనీ అయింది, మేకకు నిలబడే చోటూ దొరికింది.

కడ్డీ వేరే కథ. లూరిస్తాన్ కంచులో తగరం మామూలుగా నూటికి 5 నుంచి 12 పాళ్ల మధ్య ఉంటుంది. 10 పాళ్ల కంచు 1000 డిగ్రీల సెల్సియస్ దాటాక పూర్తిగా కరుగుతుంది. పోతకు ఇంకాస్త పైకి తీసుకెళ్లాలి. పోతకు తగరం ఎక్కువున్నా ఫర్వాలేదు, నిజానికి బాగా పారుతుంది. చివర్లు కొట్టి చుట్టాల్సిన కడ్డీకి మాత్రం కుదరదు. 12, 14 పాళ్లు దాటితే లోపల పెళుసు పదార్థం పెరిగి సుత్తి దెబ్బకు చీలుతుంది. తక్కువ తగరంతో అయినా నాలుగు దెబ్బలకు గట్టిపడిపోతుంది, మళ్లీ 600, 700 డిగ్రీలకు కాల్చి మెత్తబరచాలి, మళ్లీ కొట్టాలి. తొందరపడితే చుట్ట బయటి వంపులో అడ్డంగా చీలిక వస్తుంది. అది కంటికి వెంట్రుక గీతలా ఉంటుంది. పగ్గం నెలల తరబడి లాగాక ఊడిపోయేది అక్కడే. ఇంకో చిక్కు: ఈ కాల్చడం, కొట్టడం అంతా బిళ్లలు కడ్డీ మీద ఎక్కి ఉండగానే, అంత సన్నటి పని పక్కనే జరగాలి. ఈ రెండు పనులూ ఒకే చేతివో, పోతగాడూ కమ్మరీ వేరువేరో, చుట్టల మీది సుత్తి గుర్తులు పోల్చి చూస్తే కొంత తెలుస్తుంది. కాటలాగుల్లో చుట్టల ఫొటోలు దాదాపు ఉండవు.

సమాధి వాదనను తేలిగ్గా కొట్టేయడం లేదు. దాని వెనుక బలమైన ఉదాహరణ ఉంది, అది లూరిస్తాన్‌ది కాకపోయినా. ఇజ్రాయెల్ నెగెవ్ ప్రాంతంలోని తెల్ హరోర్‌లో, క్రీ.పూ. 1700–1550 నాటి గాడిద సమాధి బయటపడింది. గాడిద నోట్లో కంచు కళ్లెం అలాగే ఉంది, చక్రాల ఆకారపు చెంపబిళ్లలతో. దాని పళ్ల మీద కళ్లెపు అరుగుదల లేదు. అంటే ఆ గాడిద బతికుండగా ఆ కళ్లెంతో పని చేయలేదు. 2013లో ప్రచురించిన పరిశోధకులు దాన్ని సంకేతంగా, గౌరవ చిహ్నంగా పెట్టిందని తేల్చారు. సరైన నిర్ణయమే. కాకపోతే ఆ నిర్ణయం ఎలా సాధ్యమైందో గమనించాలి. కళ్లెం నోట్లో ఉంది, నోట్లో పళ్లున్నాయి, పళ్లను పరీక్షించగలిగారు. పురావస్తు పరిశోధకులు డేవిడ్ ఆంథొనీ, డార్కస్ బ్రౌన్ చేసిన ప్రయోగాల్లో, కింది మొదటి దవడ పన్ను ముందు అంచు 3 మిల్లీమీటర్లు లేదా అంతకన్నా ఎక్కువ ఏటవాలుగా అరగడాన్ని కళ్లెపు గుర్తుగా ప్రతిపాదించారు. దాని మీద చర్చలు జరిగాయి, కానీ చర్చకు పళ్లయినా ఉండాలి కదా.

లూరిస్తాన్ కళ్లేల్లో అత్యధిక భాగానికి పళ్లూ లేవు, గుర్రమూ లేదు, సమాధీ లేదు. 1928 ప్రాంతంలో పశ్చిమ ఇరాన్‌లోని హర్సీన్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు పాత సమాధులు తవ్వి కంచు సామాను అమ్మడం మొదలుపెట్టారు. ఇరాన్ 1930లో పురావస్తు చట్టం చేసింది. అప్పటికే సరుకు టెహ్రాన్ దాటి పారిస్, లండన్, న్యూయార్క్ చేరిపోయింది. 1931 జనవరిలో లండన్ బర్లింగ్టన్ హౌస్‌లో జరిగిన పర్షియన్ కళా ప్రదర్శనలో లూరిస్తాన్ కంచు కూడా ఉంది. ఆ ఏడే ఈ కంచు మీద ఫ్రెంచి పురావస్తు పరిశోధకుడు ఆంద్రె గొదార్ పుస్తకం వచ్చింది. ‘కళ్లెం చనిపోయినవాడి తల కింద దిండులా ఉండేది’ లాంటి మాటలు ఆ రోజుల్లో పుట్టినవే. తవ్విన పలుగు పట్టినవాడు చెప్పాడు, కొన్నవాడు నమ్మాడు, రాసినవాడు రాశాడు. పద్ధతి ప్రకారం తవ్వినవాళ్లు తర్వాత వచ్చారు. 1938లో ఎరిక్ ష్మిట్ సుర్ఖ్ దుమ్‌లో గుడి తవ్వాడు. లూయీ వాండెన్ బెర్గ్ బెల్జియం బృందం 1965 నుంచి 1979 దాకా పుష్త్-ఎ-కూహ్ లోయల్లో శ్మశానాలను ఒక్కొక్కటిగా తవ్వింది. వాళ్ల వల్లే లూరిస్తాన్ కంచుకు కాలక్రమం ఏర్పడింది. బొమ్మల చెంపబిళ్లల పెద్ద రాశి మాత్రం అప్పటికే మ్యూజియంల అరల్లో ఉంది, చిరునామా లేకుండా.

చిరునామా లేని చోటికి నకిలీలు చేరతాయి. మెట్రొపాలిటన్ మ్యూజియంలో పనిచేసిన ఆస్కర్ వైట్ మస్కరెల్లా దశాబ్దాల పాటు దీని మీద గొంతు చించుకున్నాడు. తవ్వకం ఆధారం లేనిదాన్ని ‘లూరిస్తాన్’ అని తేల్చి చెప్పకండి అన్నాడు. చాలామందికి అది అతిగా అనిపించింది. నాకు అనిపించదు. నకిలీని పట్టే సూచనల్లో చాలావరకు మళ్లీ వెనక వైపే ఉంటాయి. ఒక జత బిళ్లల్లో రెండు జంతువులూ గుర్రం నడిచే దిక్కుకే చూస్తాయి, కాబట్టి అవి ఒకదానికొకటి అద్దంలో బొమ్మలవ్వాలి. దేని మైనం దానికే చేత్తో మలిచారు కాబట్టి అచ్చు గుద్దినట్టూ ఉండకూడదు. బొమ్మ వైపు పైకి పెట్టి పక్కపక్కన ఉంచినప్పుడు రెండూ ఒకే దిక్కుకు చూస్తుంటే అది రెండు వేరు కళ్లేలను కలిపి చేసిన జత. కన్నం అరుగుదల కడ్డీ అరుగుదలతో కలవాలి. వాడిన కన్నం గుండ్రంగా ఉండదు, లాగుడు పడిన వైపుకు సాగి అండాకారమవుతుంది. వీపు మీది చుట్టల లోపలి పై అంచు దుమ్ము పట్టిన తోలు రాపిడికి సన్నబడాలి. లోహంలో జింక్ నూటికి 5 దాటితే అది కంచు కాదు, ఇత్తడి, ఆ కాలానికి గట్టి అనుమానం. పచ్చ చిలుము లోహపు రేణువుల మధ్యకు పాకిందా, పైన అంటించారా అన్నది చిన్న ముక్కను సూక్ష్మదర్శినిలో చూస్తే తేలిపోతుంది.

చిలుము అనగానే ఒక బాధాకరమైన సంగతి. అమ్మకానికి అందంగా కనిపించాలని, తర్వాత ప్రదర్శనకూ, పాత రోజుల్లో కంచు వస్తువులను ఆమ్లంతోనో కరెంటుతోనో లోహం తేలే దాకా శుభ్రం చేసేవాళ్లు. తోలు, బట్ట మట్టిలో కుళ్లిపోయినా, రాగి లవణాలు వాటి నేతను, చర్మపు గరుకును చిలుములో అచ్చులా పట్టి ఉంచుతాయి. చుట్టల లోపల ఏ తోలు ఎన్ని మడతలుగా తిరిగిందో చెప్పగలిగేది ఆ పచ్చ పొరే. దాన్ని కడిగేశాక చెప్పేవాళ్లు లేరు. క్లోరైడ్ వల్ల వచ్చే లేత పచ్చ పొడి రోగం మాత్రం వేరు, దాన్ని వదిలేస్తే వస్తువునే తినేస్తుంది. దానికి మందు గాలిలో తేమను 40 శాతం లోపు ఉంచడం, అవసరమైతే తుప్పును ఆపే బెంజోట్రయాజోల్ అనే రసాయనం పట్టించడం. గీకి పారేయడం కాదు.

ఆధారంతో దొరికితే ఒక్క ముక్క ఎంత మాట్లాడుతుందో చూడండి. గ్రీసు ద్వీపం సామోస్‌లో హేరా గుడి దగ్గర గుర్రపు కంచు నుదుటిపట్టీ ఒకటి దొరికింది, దాని మీద నగ్న స్త్రీ మూర్తులు, పైన రెక్కల సూర్యబింబం. అంచున అరామిక్ లిపిలో ఒక వాక్యం: మా ప్రభువు నది దాటిన ఏట, ఉమ్క్ నుంచి, హదద్ (దేవుడు) మా ప్రభువు హజాయేలుకు ఇచ్చింది. తెలుగు బైబిల్ చదివినవాళ్లకు ఈ పేరు కొత్త కాదు. రాజుల రెండవ గ్రంథంలో దమస్కును ఏలిన హజాయేలు ఇతనే, క్రీ.పూ. 9వ శతాబ్దం వాడు. ఇదే వాక్యం గ్రీసులోనే ఎరెత్రియాలో అపొలో గుడి దగ్గర దొరికిన గుర్రపు కంటిగంత మీద కూడా ఉంది. ఉమ్క్ అనే ఉత్తర సిరియా మైదానంలో కొల్లగొట్టిన గుర్రపు సామాను దమస్కు రాజు పేరుతో చెక్కించుకుని, ఏదో దారిన సముద్రం దాటి, రెండు గ్రీకు దేవుళ్ల ముందు చేరింది. సామోస్ పట్టీ ఒక్కటే ఏ వేలంపాటలోనో తేలి ఉంటే అక్షరాలు చూసి నకిలీ అనేవాళ్లు కూడా ఉండేవాళ్లు. రెండు వేర్వేరు గుళ్ల మట్టిలోంచి రావడమే దాని బలం.

సైప్రస్ సలమిస్‌లోనైతే ఇలాంటి సామాను, వేసిన గుర్రాలతో సహా దొరికింది. వాసోస్ కారాజ్యోర్గిస్ 1960లలో తవ్విన 79వ సమాధి దారిలో, క్రీ.పూ. 8వ శతాబ్దం చివరినాటి రథాలతో పాటు గుర్రాల ఎముకలు, వాటి మీద కంచు నుదుటిపట్టీలు, కంటిగంతలు, రొమ్ము పలకలు, పక్కన వేలాడే బిళ్లల మీద రెక్కల దేవత. ఏది ఎక్కడ కట్టేవారో ఊహించాల్సిన పని లేకుండా పోయింది. మన దక్కన్‌కు దగ్గర్లో కూడా ఇలాంటిదే ఉంది. నాగపూర్ పక్కన మహుర్‌ఝరిలో పెద్ద రాళ్లు పేర్చి కట్టిన బృహచ్ఛిలా సమాధుల్లో గుర్రాల పుర్రెలతో పాటు ఇనుప కళ్లేలు, ముఖానికి కట్టే రాగి అలంకారాలు బయటపడ్డాయి. నోట్లో ఇనుము, నుదుట రాగి. ఏ లోహం ఏ పనికో ఆ సమాధుల్లోనే కనపడుతోంది.

లూరిస్తాన్ కళ్లేలకు పోయిన చిరునామాను ఎవరూ తిరిగి తేలేరు. వస్తువులో ఇంకా మిగిలున్నదాన్ని చదవడం మాత్రం ఇవాళే మొదలుపెట్టొచ్చు, కొత్తగా తవ్వాల్సిన పని లేదు, కొనాల్సిన పని అసలే లేదు. మ్యూజియంలు అద్దాల పెట్టె వెనక ఒక అద్దం పెట్టాలి, ముళ్లు కనపడాలి. వెబ్‌సైట్లో వెనక ఫొటో, చుట్టల దగ్గరి ఫొటో, కొలబద్దతో సహా ఉంచాలి. ఎత్తు, వెడల్పు మాత్రమే రాయడం మానేసి రెండు బిళ్లల లోపలి ముఖాల మధ్య దూరం రాయాలి, గుర్రం నోటి వెడల్పు దొరికేది ఆ కొలతలోనే. ముళ్లెన్ని, ఎంత పొడవు, మొనలు మొద్దుబారాయా అన్నది రాయాలి. ప్రతి కన్నాన్నీ నిలువునా అడ్డంగా రెండుసార్లు కొలిచి, దాని పక్కన కడ్డీ మందం వేయాలి. ఏ వైపు బిళ్ల కుడిదో ఏది ఎడమదో గుర్తించి రెండింటి అరుగుదలా విడిగా నమోదు చేయాలి. రథపు జతలో ఎడమ గుర్రం, కుడి గుర్రం ఒకే రకంగా లాగవు, ఆ తేడా ఇన్ని వందల కళ్లేల్లో ఎక్కడో ఒకచోట నమోదయ్యే ఉంటుంది.